నియోక్లాసికల్ ఇంట్లో ఏడేళ్లు: మన ఎండకు, పసుపుకు, తడిగుడ్డకు ఏవి నిలిచాయి

మొగల్రాజపురంలోని మా త్రీ బెడ్‌రూమ్ ఫ్లాట్‌ను 2018లో నియోక్లాసికల్ స్టైల్‌లో, అంటే పాత గ్రీకు, రోమన్ కట్టడాల్లోని తిన్నని గీతలు, సమతూకం చూసి యూరప్‌లో పుట్టిన పద్ధతిలో చేయించుకున్నాం. ఆ తర్వాత ఏడు విజయవాడ వేసవులు గడిచాయి. రోజూ వండుకుని, పూజ చేసుకుని, బంధువులొస్తే హాల్లో వరసగా పక్కలు పరిచే ఇంట్లో ఏది నిలిచిందో, ఏది పోయిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఈ స్టైల్ నాకు ఇప్పటికీ ఇష్టం. మళ్లీ ఇల్లు కట్టుకున్నా ఇదే చేయించుకుంటాను, కానీ సగం సామానుతో.

మా మొదటి పొరపాటు సోఫా దగ్గరే జరిగింది. నియోక్లాసికల్ అని చెప్పి మాకు అమ్మింది వంపు తిరిగిన కాళ్లు, బంగారు రంగు చెక్కడాలు, మెరూన్ వెల్వెట్ ఉన్న సోఫా. తర్వాత చదివితే తెలిసింది, అలాంటి వంపులు అంతకుముందు యూరప్‌లో నడిచిన రొకోకో అనే పద్ధతివని. ఇటలీలో అగ్నిపర్వతం కింద పూడిపోయిన ఊళ్లలో, 1738లో హెర్క్యులేనియంలో, 1748లో పాంపేలో తవ్వకాలు మొదలయ్యాక పాత రోమన్ల ఇళ్లు బయటపడ్డాయి. వాటిని చూసిన యూరప్ ఆ వంపులు వదిలి తిన్నని గీతల వైపు తిరిగింది. రాబర్ట్ ఆడమ్ అనే స్కాటిష్ ఆర్కిటెక్ట్ 1754లో ఇటలీ బయల్దేరి, అక్కడి శిథిలాలను దగ్గరుండి చూసి వచ్చి, లేత ఆకుపచ్చ, లేత నీలం లాంటి రంగుల మీద సన్నని తెల్లని అలంకారాలతో గదులు చేశాడు. ఈ స్టైల్లో సోఫా కాలు తిన్నగా ఉండి కిందికి పోనుపోను సన్నబడుతుంది. ఆ ఒక్కటి చూసుకున్నా సగం మోసపోకుండా ఉంటారు. మే నెలలో ఆ వెల్వెట్ మీద పది నిమిషాలు కూర్చుంటే వీపంతా చెమట. మూడో వేసవిలో దాన్ని వదిలించుకుని, టేకుతో తిన్నని కాళ్ల సోఫా చేయించి కాటన్ కవర్లు వేయించాం. ఇప్పుడు హాలు పెద్దదైనట్టు ఉంది.

ఇంట్లో నాకు అన్నిటికంటే నచ్చినవి గోడ మీద ఫ్రేముల్లా కట్టిన ప్యానెళ్లు. అందం వాటి కొలతలోనే ఉంది. మా సీలింగ్ తొమ్మిదిన్నర అడుగులే. నేల నుంచి మూడడుగుల దగ్గర ఒక అడ్డపట్టీ, దాని కింద పొట్టి ప్యానెళ్లు, పైన పొడవాటివి. దాంతో గది ఎత్తుగా కనిపిస్తుంది. డిజైనర్ మొదట రెండంగుళాల లోతు మౌల్డింగ్ (ప్యానెళ్ల అంచుకు కొట్టే ఉబ్బెత్తు పట్టీ) పెడతానన్నాడు. మేం ముప్పావు అంగుళంతో ఆపించాం, అదే మంచిదైంది. లోతు పెరిగేకొద్దీ దుమ్ము కూర్చునే అంచు పెరుగుతుంది. అయినా ప్రతి ఆదివారం మెత్తని బ్రష్‌తో దులపడానికి నాకు దాదాపు ముప్పావు గంట పడుతుంది.

కొత్తగా చేయించుకునేవాళ్లకు నా గట్టి మాట ఇది: కరెంటు పైపుల కోసం గోడ కొట్టకముందే ప్యానెళ్ల గీతలు గోడ మీద సుద్దతో గీయించండి. మేం అలా చేయలేదు. స్విచ్‌బోర్డులు రెండు సరిగ్గా మౌల్డింగ్ మీదకు వచ్చాయి. ఒక గోడ మళ్లీ కొట్టించాం. ఏసీ కూడా అంతే. గోడ మధ్యగీత మీద బిగిస్తే కంటికి అడ్డు రాదు, మూలకు జరిపితే రెండు వైపుల సమతూకం పోతుంది.

ఇక సామాను సంగతి. గోడ అడుగున నేలను ఆనుకుని వేసే పట్టీకి, అంటే స్కర్టింగ్‌కు, ఎండీఎఫ్ (చెక్కపొడిని జిగురుతో అదిమి చేసే బోర్డు) అసలు వద్దు. మన ఇళ్లలో రోజూ తడిగుడ్డ, పండగొస్తే బకెట్లతో కడగడం. రెండేళ్లకే అది అడుగున ఉబ్బి పొట్టు లేచింది. ఇప్పుడు అక్కడ నేలకు వేసిన టైల్సే పట్టీలుగా కోయించి వేశాం. పీయూ (పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్) మౌల్డింగ్‌కు చెద పట్టలేదు, చెమ్మ అంటలేదు. వేసవిలో అతుకుల దగ్గర వెంట్రుకంత పగుళ్లు వచ్చాయి, ఫిల్లర్ పెడితే పోయాయి. గోడ, సీలింగ్ కలిసే చోట వేసిన పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) అంచు, అంటే కార్నిస్, బాగానే ఉంది, పై ఫ్లాట్ బాత్రూమ్ కారిన మూలలో తప్ప. తలుపులకు వేసిన తెల్లటి ఆయిల్ ఎనామిల్ మూడో ఏటికి పసుపుపచ్చగా మారింది. వాటర్ బేస్‌డ్ పెయింట్ వేసిన కిటికీ ఫ్రేములు అలాగే ఉన్నాయి.

అసలు పసుపు సంగతి వేరు. పూజగదికి గడప తీసేసి తెల్ల ఫ్రేము పెడదామన్నాడు డిజైనర్. "గడపకు పసుపు రాయకుండా శుక్రవారం ఎలా గడుస్తుందమ్మా?" అన్నారు మా అత్తయ్య. గడప ఉంచాం, ఫ్రేము మాత్రం తెల్లగానే వేయించాం. ఏడాది తిరిగేసరికి దాని అడుగుభాగం ఎంత తుడిచినా పోని పసుపుతో నిండిపోయింది. తర్వాత మొత్తం టేకుతోనే పెట్టించి, దాని మీద నిలువుగా సన్నని గాడులు మాత్రం తీయించాం. తెల్లని గోడల మధ్య ఆ టేకు ద్వారం ఇంటికే నిండుదనం తెచ్చింది. ఆవిడ మాట మొదటే పూర్తిగా వినాల్సింది.

సీలింగ్ మధ్యలో గుండ్రటి ఫలకం పెట్టడం ఈ స్టైల్లో మామూలే. కేటలాగ్‌లో ఉన్నవన్నీ యూరప్ ఆకుల నమూనాలు. అప్పటికే అమరావతి మ్యూజియంలో స్తూపం చుట్టూ ఉండే సున్నపురాతి కంచె మీద చెక్కిన పద్మాలు చూసి ఉన్నాను. ఒక ఫొటో చూపించి రేకులు రేకులుగా పీఓపీలో పోయించాం, మధ్యలోంచి ఫ్యాన్ రాడ్ దిగుతుంది. వచ్చినవాళ్లంతా ముందు దాని వైపే చూస్తారు. షాండిలియర్‌ను ఫ్యాన్ గాలికి గలగలమంటోందని డైనింగ్ వైపు మార్చాం.

పోయినేడు బరువైన కర్టెన్లు తీసేసి, మంగళగిరి నుంచి గోధుమరంగు చేనేత కాటన్ తెచ్చి కుట్టించాను. కింద సన్నని జరీ అంచు, అంతే. ఆ అంచు గోడ ప్యానెళ్ల అడ్డపట్టీకి సరిగ్గా సమానంగా వచ్చేలా కర్టెన్‌ను నేల నుంచి మూడడుగుల ఎత్తులో ఆపించాను. సాయంత్రం వెలుగు వాటిలోంచి పడినప్పుడు హాల్లో కాసేపు ఊరికే కూర్చోవాలనిపిస్తుంది. పడగ్గదులకు కూడా అదే బట్ట చెప్పి వచ్చాను, సంక్రాంతి లోపు ఇస్తామన్నారు.