మా ఊరి మందుల చీటీ, దేశం చీటీ
కోనసీమలో వానలు పడి కాలవలు నిండాయంటే జ్వరాలు మొదలైనట్టే, మా ఊరి క్లినిక్‌లో చీటీ మాత్రం మారదు: పారాసిటమాల్, అజిత్రోమైసిన్, గ్యాస్ బిళ్ళ, పైన ఒక సూది. దేశం లెక్క చూస్తే ఇదేం వింత కాదు, 2019లో ప్రైవేటులో ఎక్కువగా వాడిన యాంటీబయాటిక్ అజిత్రోమైసిన్ 500 బిళ్ళే. ప్రపంచ ఆరోగ్య సంస్థేమో దాన్ని ఆచితూచి వాడాల్సిన 'వాచ్' జాబితాలో పెట్టింది. కొద్దిపాటి జ్వరానికీ, వైరస్ వల్ల వచ్చే దగ్గుకీ యాంటీబయాటిక్ వద్దని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2022లోనే చెప్పింది. సూది మోజు దేశమంతా ఉన్నదే గానీ మా దగ్గర ఓ పాలు ఎక్కువేమో, 'ఓ ఇంజక్షన్ పొడిచెయ్యండి డాక్టర్ గారూ' అని అడిగేది మనవాళ్ళే (అందుకే తప్పంతా ఆయన మీద వెయ్యను). సర్కారీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ)లో అయితే ముందు మలేరియా పరీక్ష, తర్వాతే మందు. లైన్లో నిలబడాలి, అయినా నా ఓటు దానికే.