పదహారేళ్ల డీటీపీ షాపు, నాలుగు యాంటీవైరస్‌లు, రెండు క్లీనర్లు

అప్పుడే ఫార్మాట్ చేసి విండోస్ ఎక్కించిన కంప్యూటర్ అది. ఇంకా తెలుగు ఫాంట్లు కూడా వేయలేదు. కంప్యూటర్‌లోని చెత్త తీసేసి వేగం పెంచుతామనే ప్రోగ్రాములను క్లీనర్లంటారు. ఎవరో బాగుందన్నారని అలాంటిది ఒకటి పెట్టి నడిపిస్తే, ఎర్రటి అక్షరాలతో 312 సమస్యలున్నాయని చెప్పింది. అందులో నలభై ‘తీవ్రమైనవి’ అట. బాగుచేయాలంటే డబ్బు కట్టాలట. పురిట్లో పిల్లకు కీళ్లనొప్పులున్నాయని చెప్పే వైద్యుణ్ణి ఏమనాలి? 2015లో ఆ రోజుతో క్లీనర్లకూ నాకూ చెల్లిపోయింది. అయితే అంతకుముందు ఆరేళ్లు వాటిని నమ్మినదాన్నే. ఈ క్లీనర్లనూ, యాంటీవైరస్‌లనూ అసలు నమ్మవచ్చా అన్నదే ఇక్కడి ప్రశ్న.

మా షాపు విద్యానగర్‌లో, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి దగ్గర. 2009లో పెట్టాం. మూడు కంప్యూటర్లు, రెండు ప్రింటర్లు, ఒక జిరాక్స్ మిషను. శుభలేఖలు, కరపత్రాలు చేస్తాం కాని, తిండి పెట్టేది మాత్రం పరిశోధక విద్యార్థుల సిద్ధాంత గ్రంథాలే. రోజుకు పాతిక ముప్పై పెన్‌డ్రైవులు వస్తాయి. అవి ఎన్ని హాస్టళ్లు, ఎన్ని నెట్ సెంటర్లు తిరిగి వస్తాయో వాటికే తెలియాలి. ఇంట్లో ఒక్క కంప్యూటర్ ఉన్నవాళ్లు పదేళ్లలో చూడని వైరస్‌లను మేము ఒక్క పరీక్షల కాలంలో చూస్తాం. నా అనుభవాన్ని ఆ లెక్కన తీసుకోండి.

ముందు క్లీనర్ల సంగతి. కంప్యూటర్లను సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అదే సీటీసీలో, అసెంబుల్ చేయించాం. చేసిచ్చిన అబ్బాయి కూరగాయల మీద కరివేపాకు కొసరినట్టు ఒక క్లీనర్ కూడా వేసి ఇచ్చాడు. ప్రతి శనివారం సాయంత్రం షాపు ఊడ్చి, షట్టరు సగం దించి, మూడు కంప్యూటర్లలోనూ దాన్ని నడిపేదాన్ని. ‘ఇన్ని వందల ఎంబీ చెత్త తీసేశాం’ అని అది చెబుతుంటే ఇల్లు కడిగినంత తృప్తి. సోమవారం ఉదయం కంప్యూటర్ తెరుచుకోవడానికి మాత్రం ఎప్పటిలాగే టీ తాగి వచ్చేంత సమయం పట్టేది. ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడాలన్న ఆలోచన నాకు చాలాకాలం రాలేదు.

అది తీసేసే ‘చెత్త’లో ఎక్కువ భాగం బ్రౌజర్ దాచుకున్న బొమ్మలు. ఒకసారి చూసిన పేజీ మళ్లీ త్వరగా తెరుచుకోవాలని బ్రౌజర్ వాటిని దాచుకుంటుంది. మనం తీసేస్తే మళ్లీ దించుకుంటుంది, వారం తిరిగేసరికి అంత చోటూ మళ్లీ నిండుతుంది. తరువాతిది రిజిస్ట్రీ. విండోస్ తన అమరికలన్నీ రాసిపెట్టుకునే పెద్ద చిట్టా అది, లక్షల నమోదులుంటాయి. ఎప్పుడో తీసేసిన ప్రోగ్రాముల నమోదులు కొన్ని వందలు అందులో మిగిలిపోతాయి. లైబ్రరీ కార్డు క్యాటలాగులో పోయిన పుస్తకాల కార్డులు ఓ వంద తీసిపారేస్తే మనం అడిగిన పుస్తకం త్వరగా చేతికొస్తుందా? రాదు. పొరపాటున ఉన్న పుస్తకం కార్డు తీసేస్తే మాత్రం ఆ పుస్తకం ఇక లేనట్టే. రిజిస్ట్రీ క్లీనర్ల వాడకాన్ని తాము సమర్థించబోమని విండోస్ తయారుచేసిన మైక్రోసాఫ్టే చెబుతుంది.

2012లో మాకు సరిగ్గా అదే జరిగింది. మా తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌కు ఒక డాంగిల్ ఉండేది. పెన్‌డ్రైవులా ఉంటుంది, అది గుచ్చి ఉంటేనే ప్రోగ్రాం నడుస్తుంది. ఒక శనివారం డాంగిల్ తీసి సొరుగులో పెట్టి క్లీనర్ నడిపాను. వస్తువు కనబడలేదు కాబట్టి దాని నమోదులు పనికిరానివని అది తేల్చుకున్నట్టుంది, ఊడ్చేసింది. సోమవారం డాంగిల్ పెడితే ప్రోగ్రాం గుర్తుపట్టలేదు. సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్ల మనిషి వచ్చి మళ్లీ ఎక్కించేసరికి బుధవారం అయింది. అది మాఘమాసం, శుభలేఖల కాలం. నా మాటకన్నా ఆ పోయిన రెండు రోజుల గిరాకీ మా ఆయనకు బాగా గుర్తు.

నిజానికి మా కంప్యూటర్ల నిదానానికి కారణం చెత్త కాదు, పాత హార్డ్‌డిస్కు. 2019లో మూడింటికీ ఒక్కొక్కటి రెండు వేల చిల్లర పెట్టి, హార్డ్‌డిస్కుకన్నా చాలా వేగంగా నడిచే ఎస్‌ఎస్‌డీలు వేయించాం. టీ తాగి వచ్చేంత సమయం కాస్తా కుర్చీ లాక్కుని కూర్చునేంత అయింది. ఆరేళ్లపాటు చేసిన శనివారం శుద్ధి ఏదీ అందులో పదోవంతు కూడా చేయలేదు. డిస్కులో చెదిరిన ఫైలు ముక్కలను ఒకచోట చేర్చే డీఫ్రాగ్ ఎస్‌ఎస్‌డీకి అక్కర్లేదు, దానికి కావలసిన సంరక్షణ విండోస్ తనంతట తానే చేసుకుంటుంది. అయినా వేగం పెంచుతామనే సాఫ్ట్‌వేర్ పెట్టెల మీద డీఫ్రాగ్‌ను గొప్ప సౌకర్యంగా అచ్చువేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

క్లీనర్ చేసిన ఇంకో ఘనకార్యం చాలా ఆలస్యంగా బయటపడింది. 2017 మే నెలలో వన్నాక్రై వచ్చింది. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ఆ వైరస్ ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు కంప్యూటర్లలోకి కూడా చొరబడింది. అది దూరిన కన్నాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చేసిందని చదివి, మాకు వచ్చిందో లేదో చూద్దామని కూర్చున్నాను. రెండో కంప్యూటర్‌లో అప్‌డేట్ సేవే ఆపేసి ఉంది. ఎప్పుడో క్లీనర్‌లో ‘వేగం పెంచు’ మీట నొక్కినప్పుడు అనవసరమైన సేవల జాబితాలో దాన్నీ చేర్చి ఆపేసింది. క్లీనర్‌ను తీసేసి రెండేళ్లయినా అది ఆపినది ఆగే ఉంది. ఆ మధ్యకాలంలో మా మీద ఏదీ పడకపోవడం మా అదృష్టం, అంతకుమించి చెప్పడానికి లేదు.

యాంటీవైరస్‌ల విషయంలో నా అభిప్రాయం ఇంత ఏకపక్షంగా లేదు. మొదట ఒక ఉచితమైనది వాడాం, తరువాత కోఠి గుజరాతీ గల్లీలో కొన్న పెట్టెలు రెండు కంపెనీలవి, ఇప్పుడు విండోస్‌తో వచ్చే డిఫెండర్. అవి పనిచేస్తాయి. నిజంగా పనిచేస్తాయి. షార్ట్‌కట్ వైరస్ రాజ్యమేలిన కాలంలో అవి లేకపోతే మేము షాపు మూసుకునేవాళ్లం.

ఆ వైరస్ గురించి కొంచెం చెప్పాలి. పెన్‌డ్రైవులోని అసలు ఫోల్డర్లను కనబడకుండా దాచి, వాటి పేర్లతోనే షార్ట్‌కట్లు పెట్టేది. మీ ఫోల్డరే అనుకుని నొక్కితే ముందు వైరస్ నడిచేది. మా యాంటీవైరస్ దాన్ని ఠక్కున పట్టుకునేది. అసలు చిక్కు పట్టుకున్నాకే. అది షార్ట్‌కట్లను తీసేస్తుంది, దాచిన ఫోల్డర్లను మాత్రం బయటికి తీయదు. విద్యార్థి చూస్తే పెన్‌డ్రైవు ఖాళీ. “అక్కా, మీ కంప్యూటర్ నా థీసిస్ తినేసింది” అని ఒక అబ్బాయి ఏడుపు ఒక్కటే తక్కువగా నిలబడ్డాడు. నాకూ చెమటలు పట్టాయి. పెన్‌డ్రైవు ఖాళీ అంటున్నా నిండిన చోటు మాత్రం తగ్గలేదని గమనించాక గాని ధైర్యం రాలేదు. దాచిన ఫైళ్లను చూపించే అట్రిబ్ అనే ఆదేశం ఒకటుంది, ఆ రోజు నేర్చుకున్నాను. ఆ తరువాత దాన్ని కాగితం మీద రాసి మానిటరు అంచుకు అంటించాం, ఏళ్లపాటు అది అక్కడే ఉంది.

ఇంకో వైపు, తప్పు చేయనివాణ్ణి పట్టుకోవడం కూడా వాటికి అలవాటే. 2014లో ఒక ఆదివారం, మర్నాడు సమర్పించాల్సిన సిద్ధాంత గ్రంథానికి దిద్దుబాట్లు చేస్తున్నాం. రాత్రికి రాత్రి యాంటీవైరస్ వైరస్‌ల కొత్త జాబితా దించుకుంది. పొద్దున ‘క’ కొడితే తెరమీద ఒక సగం కొమ్ము, ఒక తలకట్టు ముక్క. యూనికోడ్ కాని పాత ఫాంట్లు వాడేవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది: ఫాంటు ఉంది, కీబోర్డు ప్రోగ్రాం లేదు. మనం నొక్కే ప్రతి మీటనూ మధ్యలో అందుకుని తెలుగు ముక్కలుగా మార్చేది ఆ ప్రోగ్రామే. పాస్‌వర్డులు దొంగిలించే కీలాగర్ చేసేదీ అదే, నొక్కిన మీటను మధ్యలో అందుకోవడం. పోలిక చూసి యాంటీవైరస్ దాన్ని కటకటాల వెనక్కి పంపింది. క్వారంటైన్‌లోంచి విడిపించి, దీన్ని ముట్టవద్దని మినహాయింపుల్లో చేర్చాం. వారం తరువాత వచ్చిన అప్‌డేట్‌తో మళ్లీ లోపలేసింది! కంపెనీకి ఫైలు పంపి, నాలుగుసార్లు ఫోను చేశాక సరిచేశారు. ప్రపంచమంతా వాడే ప్రోగ్రాములకు ఈ బాధ తక్కువ. మనలాంటి కొద్దిమంది వాడే భాషా సాఫ్ట్‌వేర్‌కే అనుమానం ఎక్కువ.

డబ్బు కట్టిన రెండిట్లోనూ నన్ను విసిగించింది వాటి నోరు. గడువు ముగియడానికి నెల ముందునుంచే మొదలు, ‘మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది’ అని. ఖాతాదారు పక్కన కూర్చుని ప్రూఫు చూస్తుంటే తెరమీద ఎర్రటి పెట్టె లేచేది. “అక్కా, నా ఫైలుకు ఏమీ కాదు కదా?” అని అడిగేవాళ్లు. ప్రమాదమల్లా నేను ఇంకా డబ్బు కట్టకపోవడమే. రెండూ ఉంటే రెట్టింపు రక్షణ అనుకుని ఒకసారి ఉచితమైనదాన్నీ కొన్నదాన్నీ ఒకే కంప్యూటర్‌లో పెట్టాను. అవి ఒకదానినొకటి అనుమానించుకుంటూ కూర్చున్నాయి, మాకు పని సాగలేదు.

నమ్మవచ్చా అన్నదానికి సూటిగా జవాబు కావాలంటే ఇదీ నా మాట: క్లీనర్లు అసలు అక్కర్లేదు. యాంటీవైరస్ కావాలి, కాని దాని చేతికి ఇంటి తాళాలన్నీ ఇస్తున్నామని గుర్తుంచుకోవాలి. కంప్యూటర్‌లో ప్రతి ఫైలునూ తెరిచి చూసే, తీసేసే అధికారం దానికి ఉంటుంది. ఆ అధికారం ఉన్నవాడు పొరబడితే దొంగకన్నా ఎక్కువ నష్టం చేస్తాడు. 2010 ఏప్రిల్‌లో మెకాఫీ ఇచ్చిన ఒక అప్‌డేట్ విండోస్ ఎక్స్‌పీలోని అసలు సిసలు సిస్టమ్ ఫైలునే వైరస్ అనుకుంది, ఎన్నో దేశాల్లో కంప్యూటర్లు ఆగకుండా రీస్టార్ట్ అవుతూ కూర్చున్నాయి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన లోపభూయిష్టమైన ఒక్క అప్‌డేట్‌తో సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలితెర వేసి ఆగిపోయాయి. ఆ రోజు మన శంషాబాద్‌లోనే విమాన ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. డీటీపీ షాపు నడిపే నాకు అది చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అవి పొరపాట్లు. పొరపాటు కానిది కూడా ఒకటుంది. తమ ఖాతాదారులు ఏయే పేజీలు చూస్తున్నారో ఆ సమాచారాన్ని ఒక అనుబంధ సంస్థ ద్వారా అమ్ముకున్నందుకు 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అవాస్ట్ సంస్థ చేత 1.65 కోట్ల డాలర్లు కట్టించింది. ఇక ప్రపంచంలోనే పేరున్న క్లీనర్ సీక్లీనర్ సంగతి: 2017 ఆగస్టులో విడుదలైన దాని 5.33 వెర్షన్‌లోకే దుండగులు హానికరమైన కోడ్ చొప్పించారు. కంపెనీ సంతకంతో, కంపెనీ సర్వరు నుంచే, సుమారు 22 లక్షల కంప్యూటర్లకు అది చేరింది. నకిలీ సైటునుంచి దించుకోవద్దన్న జాగ్రత్త అక్కడ ఎందుకూ పనికిరాలేదు.

ఫోను గురించి ఒక్క మాట. మా అత్తగారి ఫోనులో ఎవరో క్లీన్ మాస్టర్ వేసి పెట్టారు, ఆవిడ రోజూ భక్తిగా నొక్కేవారు. 2020 జూన్‌లో మన ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో అదీ ఉందని తెలిసి తీసేస్తే, ఫోను మునుపటికన్నా చల్లగా ఉందన్నది ఆవిడే.

2020 నుంచి షాపులో డిఫెండర్ ఒక్కటే. విండోస్ 8 నుంచి అది కంప్యూటర్‌తోనే వస్తుంది. ఇంకోటి వేస్తే తప్పుకుంటుంది, దాన్ని తీసేస్తే మళ్లీ కాపలాకు నిలబడుతుంది. ఎవరికీ ఏమీ అమ్మదు, కాబట్టి పెద్దగా మాట్లాడదు. ఈ ఐదేళ్లలో అది వదిలేసిన వైరస్ ఏదీ మా కంట పడలేదు. దాని మీద నా ఫిర్యాదు ఒకటే: పెద్ద స్కాన్ మొదలైతే మూడో కంప్యూటర్ మూలుగుతుంది, నాలుగు జీబీ ర్యామ్ మరి. అనుమానం వచ్చినప్పుడు, కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ నడిపే సైబర్ స్వచ్ఛతా కేంద్రం సైటులోని ఉచిత సాధనంతో మరోసారి చూస్తాను, రెండో డాక్టరుకు చూపించినట్టు. చోటు తగ్గితే అక్కర్లేని ఫైళ్లను తీసేసే స్టోరేజ్ సెన్స్ విండోస్‌లోనే ఉంది, అది చాలు.

వచ్చిన పెన్‌డ్రైవులన్నీ ముందు విండోస్ బదులు ఉబుంటు అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసిన ఒక పాత ల్యాప్‌టాప్‌లో తెరుస్తాం. విండోస్ కోసం రాసిన వైరస్‌లు అక్కడ నడవవు, దాచిన ఫోల్డర్లు కూడా ఉన్నవి ఉన్నట్టు కనబడతాయి. కావలసిన ఫైలు ఒక్కటే అటునుంచి ఇటు తీసుకుంటాం. పనులన్నీ రోజూ రాత్రి ఒక బయటి హార్డ్‌డిస్కులోకి, ఆదివారం ఇంకోదానిలోకి. రెండోది ఇంటి బీరువాలో, ఏ తీగా తగలకుండా ఉంటుంది. కొన్న రెండు యాంటీవైరస్‌ల మీద పెట్టిన డబ్బంతా లెక్కేస్తే ఇలాంటి డిస్కులు ఇంకో రెండు వచ్చేవి.

తేలనిది ఒక్కటి మిగిలింది. పేజీలు కూర్చే పాత ప్రోగ్రాం పేజ్‌మేకర్ నడిచే మూడో కంప్యూటర్‌లో విండోస్ 10 ఉంది. దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, ఆ పాత యంత్రం విండోస్ 11ను ఒప్పుకోదు. పాతికేళ్లనాటి పేజ్‌మేకర్ ఫైళ్లు పట్టుకుని వచ్చేవాళ్లు నెలకు నలుగురైనా ఉన్నారు, వాళ్లను పొమ్మనలేను. ప్రస్తుతానికి దాని ఇంటర్నెట్ తీగ పీకేసి పెట్టాను.