ఆటోనగర్‌లో 'రెడీ హెడ్డు' కొంటున్నారా? స్టడ్లు విప్పి చూడకుండా డబ్బులివ్వకండి

చేతులకి గ్రీజు ఇంకా పోలేదు, కోపం అసలే పోలేదు, కాబట్టి రాతలో తేడాలుంటే సర్దుకోండి. విజయవాడ ఆటోనగర్‌లో పాత మారుతి కార్ల హెడ్లు (ఇంజిన్ పైభాగం, సిలిండర్ హెడ్) అమ్మే పెద్దాయన గురించి ఇది. పేరు రాయను. పాత 800 బాగు చేయించుకుంటూ ఆ వీధుల్లో తిరిగినవాళ్ళకి ఎవరో ఇప్పటికే అర్థమై ఉంటుంది.

బండి నాన్నగారిది, 1996 మోడల్, నాలుగు నెలలుగా ఇంటి దగ్గరే నేనే చేసుకుంటున్నా. హెడ్డేమో అల్యూమినియం, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌ని (ఇంజిన్ పొగ బయటికి పోయే గొట్టం) దానికి బిగించే స్టడ్లేమో (తల లేని బోల్టులు) ఉక్కు, ఇన్నేళ్ళ వేడికి రెండూ ఒకదాన్నొకటి కరిచిపట్టుకున్నాయి, విప్పబోతే రెండు స్టడ్లు హోల్‌లోని థ్రెడ్‌ని కూడా ఊడబెరుక్కుని వచ్చాయి. అందులో ఒకటి నా పుణ్యమే, రావట్లేదని ఉలి పెట్టి కొట్టాను, పక్కన ఫేస్ మీద ఒక గీత కూడా పడింది. ఆ గీత గుర్తుంచుకోండి.

రెండు హోల్స్, రెండు హెలికాయిల్స్ (పోయిన థ్రెడ్ బదులు హోల్‌లో ఎక్కించే స్టీలు తీగ చుట్ట), అంతే పని. తెనాలి నుంచి బస్సులో హెడ్డు ఒళ్ళో పెట్టుకుని వెళ్ళా. ఆయన వేలు పెట్టి తడిమి, నాలుక చప్పరించి, "వద్దు అబ్బాయ్, దీని లోహం మెత్తబడిపోయింది, రేపు కాయిల్‌తో సహా ఊడొస్తుంది. ఇది నాకిచ్చేయ్, పైన ఐదు వేల ఎనిమిది వందలు ఇయ్యి, అన్ని హోల్స్‌కీ హెలికాయిల్ వేసిన రెడీ హెడ్డు పట్టుకెళ్ళు" అన్నాడు. టీ తెప్పించాడు. ఆ 'అబ్బాయ్' అన్న పిలుపుకీ ఆ టీకీ కలిపి నేను ఐదు వేల ఎనిమిది వందలు కట్టానన్నమాట, ఫోన్‌పేలో, బిల్లు కూడా అడక్కుండా. పైగా స్టడ్లు కూడా కొత్తవి బిగించి ఇచ్చాడు. ఎంత మంచోడో అని దారంతా ఇంట్లోవాళ్ళకి ఫోన్లో చెప్పుకుంటూ వచ్చా. స్టడ్లు బిగించి ఇస్తే లోపలి హోల్ ఎవడికీ కనపడదని నా బుర్రకి అప్పుడు తట్టలేదు.

మొన్న ఆదివారం ఇంజిన్ స్టార్టయింది. నాన్నగారు కుర్చీ వేసుకుని కూర్చుని విన్నారు. ఇరవై నిమిషాలు తిరిగాక చల్లారనిచ్చి, మానిఫోల్డ్ నట్లు ఒకసారి మళ్ళీ బిగిద్దామని స్పానర్ పెడితే ఒక నట్టు తిరుగుతూనే ఉంది, బిగియట్లేదు. కొంచెం లాగితే స్టడ్డు చేతిలోకొచ్చేసింది, కాలి బూడిదరంగులో పొడి రాలుతోంది. ఎం-సీల్ లాంటి పుట్టీ! ఎగ్జాస్ట్ పక్కన, అంత వేడిలో, పుట్టీ కూరి స్టడ్డు గుచ్చి పెట్టాడు. స్టడ్డు మీద రెండు నట్లు ఒకదానికొకటి బిగించి తిప్పుతూ ఇంకో మూడు విప్పా, అందులో ఒకటి కూడా అంతే. మిగతా రెండూ కంపెనీ థ్రెడ్‌తోనే ఉన్నాయి, అసలు వాటికి హెలికాయిల్ అక్కర్లేదు, వేయనూ లేదు.

నిన్న మళ్ళీ వెళ్ళా. స్టడ్డు టేబుల్ మీద పెడితే ఫోన్‌లోంచి తల ఎత్తకుండా, "మీరే ఎక్కువ టైట్ చేసుంటారు. చదువుకున్నోళ్ళు, తీసుకునేటప్పుడు చూసుకోవద్దా?" అన్నాడు. మొన్నటి అబ్బాయ్‌ని నిన్నటికి 'మీరు' అయిపోయా! సరే, ఆ ముక్క నిజమే, చూసుకోవాల్సింది. కానీ అప్పుడే ఆయన వెనకాల ర్యాక్ మీద నా కన్ను పడింది. శుభ్రంగా కడిగి పెట్టిన హెడ్డు, ఎగ్జాస్ట్ ఫేస్ మీద ఉలి గీత. నాదే. ఆ రెండు హోల్స్‌లోనూ తళతళా మెరుస్తూ హెలికాయిల్స్, అంచుకి కొద్దిగా లోపలికి, ఎలా ఉండాలో అలా. నా హెడ్డుకి పనికిరాని కాయిల్ ఇంకొకడికి అమ్మేటప్పుడు పనికొచ్చింది. అదే ఇచ్చేయమన్నా. "అది వేరే పార్టీకి మాట్లాడేశాం" అని మళ్ళీ ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టాడు. వాదించా, అరిచా, పక్క షాపువాళ్ళు నవ్వుకున్నారు. అంతే జరిగింది.

ఇవాళ పొద్దున ఎం8 (8 మి.మీ.) హెలికాయిల్ కిట్ కొని నేనే వేసుకున్నా, హెడ్డు దింపకుండానే. పుట్టీ మొత్తం గీకేసి, కిట్‌తో వచ్చిన బిట్‌తోనే డ్రిల్ చేసి (లోతు దాటకుండా బిట్‌కి టేపు చుట్టుకున్నా), ట్యాప్‌కి (హోల్‌లో థ్రెడ్ కోసే పనిముట్టు) కిరోసిన్ పూసుకుంటూ అర తిప్పు ముందుకి, పావు తిప్పు వెనక్కి. మామూలు ఎం8 ట్యాప్ దీనికి పనికిరాదు, కాయిల్ కూర్చోవడానికి పెద్ద సైజు ట్యాప్ వేరే ఉంటుంది, అది కిట్‌లోనే వస్తుంది. కాయిల్ ఎక్కించి కింద ఉన్న చిన్న తోక విరగ్గొడితే అయిపోయింది. రెండింటికీ కలిపి గంటన్నర. ఈ గంటన్నర పనికి భయపడి నా మంచి హెడ్డు దానం చేసి, పైన డబ్బులిచ్చొచ్చా.

ఎవరైనా రెడీ హెడ్డు కొంటే స్టడ్లు అమ్మేవాడి చేతే విప్పించి హోల్‌లోకి టార్చ్ వేసి చూడండి, స్ప్రింగులా చుట్టిన స్టీలు తీగ కనపడాలి. మీ పాత హెడ్డు మాత్రం ఇచ్చేయకండి. బిల్లు తీసుకోండి.

ఆ ఉలి గీత ఉన్న హెడ్డు ఎవరికైనా వచ్చుంటే కంగారు పడకండి, అది మంచిదే. దాని మీద నేను వాల్వులు కూడా లాపింగ్ (సీటు మీద సరిగ్గా కూర్చునేలా రుద్దడం) చేసి ఉన్నా.