లెక్క ఫోటో తీస్తే స్టెప్పులు చూపించే యాప్: రెండేళ్ళు వాడాక

మా అమ్మాయి తొమ్మిదో తరగతిలో చేరినప్పుడు ఫోన్‌లో వేసుకున్నాం. ఇప్పుడు పది పూర్తి కావస్తోంది. ఇలాంటివి నాలుగైదు ఉన్నాయి, నేను చూసినంతలో అన్నిటిదీ ఒకటే తీరు, అందుకే పేరు రాయట్లేదు.

మా రోజుల్లో పక్షాంతరం (సమానం గుర్తుకి ఒక వైపున్నదాన్ని రెండో వైపుకి మార్చడం) అంటే "అటు పోతే ప్లస్సు మైనస్సవుతుంది" అని బట్టీయం. ఎందుకవుతుందో మాస్టారు చెప్పలేదు, మేం అడగలేదు. అమ్మాయిదీ అదే వరస. 3(ఎక్స్ − 4) = 2ఎక్స్ + 5 అనే లెక్క పెడితే యాప్ ముందు బ్రాకెట్ విప్పి 3ఎక్స్ − 12 చేసింది. తర్వాత రెండు వైపులా 12 కలపమంది, రెండు వైపులా 2ఎక్స్ తీసేయమంది. ఎక్స్ = 17. గుర్తు మారడం మాయ కాదని నాకు నలభై దాటాక తెలిసింది! అమ్మాయికి మాత్రం 9 వచ్చింది. పక్కపక్కన పెట్టి చూస్తే మొదటి లైన్లోనే దొరికింది: మూడుతో ఎక్స్‌ని గుణించి, 4ని అలాగే వదిలేసింది.

ఇంకోసారి ఎక్స్² = 5ఎక్స్. రెండు వైపులా ఎక్స్ కొట్టేసి 5 అని రాసి చేతులు దులుపుకుంది. యాప్ అన్నీ ఎడమ పక్షానికి తెచ్చి, ఎక్స్‌ని ఉమ్మడిగా బయటికి తీసి, 0, 5 రెండూ ఇచ్చింది. ఆ సున్నా మీద మా ఇంట్లో అరగంట వాదన.

తలనొప్పులూ ఉన్నాయి. రూళ్ళ నోట్‌బుక్‌లో మైనస్ గీత రూలు మీద పడితే దాని కంటికి ఆనదు, లెక్కే మారిపోతుంది. మేం పాత క్యాలెండర్ కాగితాల వెనక రాసి ఫోటో తీస్తాం. ప్రశ్నలో "వర్గాన్ని పూర్తిచేయడం ద్వారా సాధించండి" అని ఉంటే ఇది కారణాంకాలు చేసి పెడుతుంది. జవాబు ఒకటే, కానీ పరీక్షలో అడిగిన పద్ధతిలో చేయకపోతే స్టెప్పుల మార్కులు పోతాయి.

అన్నిటికంటే పెద్ద దెబ్బ మొదటి మూడు నెలల్లో తగిలింది. హోంవర్క్ అంతా రైటు, స్లిప్ టెస్టులో గోవిందా. చూసి ఎక్కించేస్తోందని అప్పుడు తెలిసింది. అప్పట్నుంచీ జవాబు రాసి, దాన్ని సమీకరణంలో వేసి సరిచూశాకే ఫోన్ ఇస్తున్నా.

తెలుగులో ఉన్న రాత లెక్కలకి ఇది దండగ. "తండ్రి వయసు కొడుకు వయసుకి మూడు రెట్లు, 12 ఏళ్ళ తర్వాత రెండు రెట్లు" అంటే దానికేం అర్థం కాదు. 3ఎక్స్ + 12 = 2(ఎక్స్ + 12) అని మనం రాసిస్తే 12 అని చెబుతుంది. అక్కడిదాకా వచ్చాక దాని అవసరమేముంది?

డబ్బు కట్టే వెర్షన్ తీసుకోలేదు, ఉచితందే సరిపోయింది. ఐదుకి మూడున్నర.