నవ్వకుండా నవ్వించే గొంతు: బిల్ బ్రైసన్ చదివిన ఆస్ట్రేలియా

ఉద్యోగానికని మెల్‌బోర్న్ వచ్చిన కొత్తలో కొన్న ఆడియోబుక్ ఇది. ఈలోపు ఫోన్లు మారాయి, కారు మారింది, ఇది మాత్రం ఇంకా వింటూనే ఉన్నాను. పేరు 'ఇన్ ఎ సన్‌బర్న్‌డ్ కంట్రీ', 2000లో వచ్చింది. బ్రిటన్‌లో, ఇక్కడ ఆస్ట్రేలియాలో ఇదే పుస్తకానికి 'డౌన్ అండర్' అని పేరు. రెండూ వేరనుకుని రెండూ కొనకండి. ఇది ఆస్ట్రేలియా యాత్రా కథనం, రాసిందీ చదివిందీ బిల్ బ్రైసనే. నిడివి దాదాపు 12 గంటలు.

నవ్వించే పుస్తకాన్ని చదివేటప్పుడు చాలామందికి ఒక అలవాటు. జోకు వస్తోందని గొంతు ముందే చెప్పేస్తుంది. బ్రైసన్ దగ్గర అది లేదు. అమెరికాలోని అయోవాలో పుట్టి, ఏళ్ల తరబడి ఇంగ్లండ్‌లో ఉన్న మనిషి కాబట్టి ఆయన యాస అటూ ఇటూ కాకుండా మెత్తగా ఉంటుంది. గొంతు పెంచడు, తను నవ్వడు. ఈ దేశంలో మనిషిని చంపగల పాములనీ సాలీళ్లనీ బాక్స్ జెల్లీఫిష్‌నీ ఆకాశవాణి వార్తలంత నింపాదిగా చదువుకుంటూ పోతాడు. ఎక్కడ నవ్వాలో మనకే వదిలేస్తాడు. ఎన్నిసార్లు విన్నా పాతబడకపోవడానికి కారణం అదే.

మొదట్లోనే హెరాల్డ్ హోల్ట్ సంగతి వస్తుంది. ఆయన ఆస్ట్రేలియా ప్రధాని. 1967 డిసెంబరులో చెవియట్ బీచ్‌లో ఈతకి దిగి మళ్లీ కనిపించలేదు, శవం కూడా దొరకలేదు. ఒక దేశ ప్రధాని మాయమైపోతే ఆ సంగతి తనకెలా తెలియకుండా పోయిందా అని బ్రైసన్ ఆశ్చర్యపోతాడు. అంతకన్నా విచిత్రం, మెల్‌బోర్న్‌లో హోల్ట్ స్మారకంగా ఉన్నది ఈత కొలను! మా అమ్మాయి ఈత నేర్చుకున్నది అక్కడే. బోర్డు మీద పేరు చూసి "ఎవరు నాన్నా ఈయన?" అని అడిగితే, ఇంటికెళ్లే దారిలో ఈ భాగమే పెట్టాను. ఇల్లొచ్చినా కారు దిగలేదు.

మన తెలుగువాళ్లకి బాగా నచ్చేది క్రికెట్ ఘట్టం. బ్రైసన్ కారులో పోతుంటే రేడియోలో క్రికెట్ తగులుతుంది. ఆ కామెంటరీ ఒక అమెరికన్ చెవికి ఎలా వినిపిస్తుందో, అర్థంపర్థం లేని మాటలు తనే కల్పించి చదువుతాడు. ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకుని సిల్లీ పాయింట్, గూగ్లీ అంటూ పెరిగినవాళ్లకి ఇక్కడ నవ్వు ఆగదు. కాగితం మీద కూడా చదివాను, కానీ వింటేనే దాని రుచి తెలుస్తుంది.

అదే గొంతు మయాల్ క్రీక్ దగ్గర వేరే పని చేస్తుంది. 1838లో న్యూ సౌత్ వేల్స్‌లో పశువుల కాపరులు 28 మంది ఆదివాసులని చంపేశారు. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. ఆ నేరానికి 7 మందిని ఉరితీశారు. బ్రైసన్ వెతుక్కుంటూ వెళ్లేసరికి ఆ చోట గుర్తుగా ఒక రాయి కూడా లేదు (స్మారకం ఆ తర్వాత, 2000లో వెలిసింది). ఇది చెప్పేటప్పుడూ గొంతు మారదు, దుఃఖం నటించడు. ఇక్కడ స్థిరపడిన మనవాళ్లందరూ ఈ భాగం వినాలని నా కోరిక. ఇళ్లు కొనుక్కున్నాం, పౌరసత్వం తీసుకున్నాం. ఈ నేల మీద ఏం జరిగిందో పిల్లలకి స్కూల్లో చెబుతారు, మనకెవరు చెబుతారు?

అన్నీ ఒకేలా సాగవు. మ్యూజియంల దగ్గర నడక మందగిస్తుంది, కాన్‌బెర్రా గురించి నాకు కొంచెం ఎక్కువైందనిపించింది. సిడ్నీ ఒలింపిక్స్‌కి ముందు తిరిగిన ఊళ్లు కాబట్టి హోటళ్ల, దారుల వివరాలు నమ్ముకుని ప్రయాణం పెట్టుకోకండి. గొంతు మెత్తన కావడంతో ఫ్రీవే మీద అద్దాలు దించితే సగం మాటలు గాలికి పోతాయి. రాత్రిపూట హెడ్‌ఫోన్లతో వినడం మేలు. త్వరగా అయిపోవాలని వేగం పెంచకండి. ఆయన ఆగే చోట్లలోనే సగం హాస్యం ఉంది.

కొనేముందు చదివినవారి పేరు బ్రైసనేనా అని చూసుకోండి, ఆయన పుస్తకాలు కొన్నిటిని వేరేవాళ్లు చదివారు. ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్లయితే ముందు మీ కౌన్సిల్ లైబ్రరీ యాప్‌లో వెతకండి, దొరికితే డబ్బు కట్టనక్కర్లేదు.