ఫెర్వెస్ రేంజరా? పాండా 4×4నా?

కొండదారి ఎక్కే బుల్లి ఇటాలియన్ బండి అంటే నా మనసు ముందు ఫెర్వెస్ రేంజర్ మీదికే పోతుంది. 1966లో టురిన్ మోటార్ షోలో కనిపించిన బండి ఇది. వెనకవైపు ఫియట్ 500 ఇంజనే: 499 సీసీ, 18 హార్స్‌పవర్. ముందు అద్దం మడిచేయొచ్చు. తలుపులు మామూలు కార్లకు తిరగేసి, కీలు వెనకవైపు ఉండి తెరుచుకుంటాయి. ఎంత ముచ్చటగా ఉంటుందో! తయారైనవి కొన్ని వందలే, దొరకడం చాలా కష్టం.

1983లో వచ్చిన ఫియట్ పాండా 4×4కి ఆ అందం లేదు. కానీ 965 సీసీ, 48 హార్స్‌పవర్. ఫోర్‌వీల్ డ్రైవ్ ఆస్ట్రియాలోని స్టయర్-పుక్ వాళ్లది. మామూలుగా ముందు చక్రాలే లాగుతాయి. బురదో మంచో అడ్డొస్తే లివర్ లాగండి, వెనక చక్రాలూ పట్టందుకుంటాయి. కొనేముందు కింద తుప్పు చూసుకోండి.

రోజూ నడపాలంటే పాండాయే. దాచుకుని మురిసిపోవాలంటే మాత్రం నా ఓటు రేంజర్‌కే.