డిస్‌ప్లే కేకుకి ఫాండెంట్ ఎక్కడ కొనాలి: రాజమండ్రి, పాలకొల్లు, భీమవరం

షాపు అద్దంలో పెట్టే కేకు తినడానికి కాదు. లోపల థర్మాకోల్, పైన ఫాండెంట్, అంటే చపాతీలా పరిచి కప్పే చక్కెర ముద్ద. కాబట్టి రుచికి డబ్బు పెట్టనక్కర్లేదు. పరిచేటప్పుడు చిరగకూడదు, ఆరాక గట్టిపడాలి, ధర మనకి అందాలి. క్రిస్మస్‌కి అమలాపురంలోని మా షాపులో మూడంతస్తుల డమ్మీ పెట్టాలని, ఈ గుణాలున్న సరుకు కోసం కొన్ని ఊళ్లు తిరిగాను. వానలు పూర్తిగా తగ్గకముందే వెళ్లాను. ఫాండెంట్‌లో ఎక్కువ భాగం చక్కెర, గ్లూకోజ్. గాలిలో తేమ ఉంటే లాగేసుకుని చెమ్మగిల్లుతుంది. మన కోనసీమ గాలికి ఆగేదేదో ఆ రోజుల్లోనే తేలుతుంది.

ముందు రాజమండ్రి. రావులపాలెం మీదుగా బస్సులకి లోటు లేదు, పొద్దున్న వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు, బస ఖర్చు ఉండదు. బేకరీ సామాన్ల కొట్లలో రకాలు కూడా ఇక్కడే ఎక్కువ. దిగుమతి ఫాండెంట్ పట్టులా సాగుతుంది, కానీ మన దేశంలో చేసినదానికి రెట్టింపు పైనే ధర. తినే పెళ్లి కేకుకైతే పెట్టొచ్చు, థర్మాకోల్‌కి దండగ. ఒక కొట్టాయన చవక రకం చేతికిస్తూ, "ఇది ఎండితే రాయైపోద్దండి, కేకుకి వద్దండి" అని ముందే చెప్పారు. నాకు కావలసింది అదే! అయినా సాగుడు చూడకుండా తీసుకోలేదు. చిన్న ముక్క పిసికి, రెండు వేళ్లతో లాగితే కాస్త సాగి తెగాలి. పిండిలా పొడిపొడిగా విరిగితే పాత సరుకు. కొద్దిగా డాల్డా వేసి పిసికితే కొంత దారికొస్తుంది గానీ, మూడంతస్తులకి ఆ చాకిరీ వద్దు.

పాలకొల్లుకి రాజోలు, చించినాడ వంతెన మీదుగా వెళ్లాను. ప్రయాణం హాయిగా ఉంది, సరుకే తక్కువ. తెల్ల ఫాండెంట్ చిన్న ప్యాకెట్లే ఉన్నాయి, కిలో లెక్క కడితే గిట్టదు.

భీమవరంలో రాత్రి ఉన్నాను. ఏసీ గది తీసుకోవడం సుఖం కోసం కాదు, పరీక్ష కోసం. కొన్న రకాలన్నీ ఒకే మందంలో పరిచి, ఒక్కో ముక్క గదిలో, ఒక్కోటి బయట వరండా కిటికీ దగ్గర పెట్టాను. లాడ్జి కుర్రాడు అడగ్గానే బల్ల తెచ్చి తడిగుడ్డతో తుడిచి మరీ ఇచ్చాడు. ఆ ఒక్క సాయానికి మళ్లీ అక్కడే దిగుతాను. తెల్లారేసరికి గదిలోవన్నీ అంచులు గట్టిపడ్డాయి. వరండాలో ఖరీదైనది వేలికి అంటుకుంటోంది, చవకది పైన మాత్రం మెత్తబడి లోపల బిగువుగానే ఉంది. దానిలోనే పావుకిలోకి ఒక చెంచా సి.ఎం.సి. (ఫాండెంట్‌ని గట్టిపరిచే జిగురు) పొడి కలిపి చేసిన పువ్వు రేకులు వరండాలో కూడా వంగలేదు.

అందుకని అంతస్తులకి భీమవరంలో కిలో ప్యాకెట్లుగా దొరికిన ఆ చవక తెల్ల రకం, పువ్వులకి అదే ఫాండెంట్‌లో సి.ఎం.సి. ఖాయం చేసుకున్నాను. 4 అంగుళాల ఎత్తుతో 6, 8, 10 అంగుళాల అంతస్తులకి రెండుంపావు కిలోల దాకా పడుతుంది, పువ్వులతో కలిపి మూడు కిలోలు తీసుకోవచ్చు. థర్మాకోల్‌కి పల్చగా డాల్డా రాసి, 3 మిల్లీమీటర్ల మందంలో పరిస్తే చాలు. లేత రంగులకి జెల్ కలర్ ఇంట్లో కలుపుకోవచ్చు. ముదురు ఎరుపు, నలుపు మాత్రం రంగు కలిసినవే కొనండి, ఇంట్లో ఆ రంగు రావాలంటే జెల్ ఎంత పోసినా చాలదు, ముద్ద జిగురవుతుంది. గులాబీ, ఊదా రంగులు ఎండ తగిలే అద్దంలో వెలిసిపోతాయి, వాటిని లోపలి వరుసలో పెట్టాలి.

ఆన్‌లైన్‌లో ధర ఇంకా తక్కువే, కానీ నాకొచ్చిన పెట్టెలో ఒక ప్యాకెట్ ఎండకి కరిగి ముద్దయింది, వెనక్కి తీసుకోలేదు. భీమవరం కొట్టువాళ్లయితే ఫోన్ చేస్తే ఆర్టీసీ కార్గోలో వేస్తామన్నారు.